కట్టె పానం
ఇబ్రహీంపట్నంలో నా దగ్గర షోకేసు బొమ్మలు చేయడం నేర్చుకునే పిల్లలు లేత్ మిషన్ మీద వేపకట్టె తిప్పగానే, ఆ చేదు వాసనకు నాకు ఆరో తరగతి గుర్తొస్తుంది.

అప్పుడు ఇదే ఊరి బళ్లో మా వడ్రంగం సారు, “కట్టె పానం నడిమిట్ల ఉంటది. గాడనే మిషన్ మొన గుచ్చాలె” అన్నారు. నేను పంతం పట్టి ప్రతిసారీ పక్కకే గుచ్చాను. బొంగరాలు చేయడానికి ఇచ్చిన మూడు కట్టెలు గిలగిలా కొట్టుకుని ఎగిరిపడ్డాయి.

“ఎందుకే, పక్కకు పెడ్తున్నవ్?” అన్నారు సారు.

“నడిమిట్ల గుచ్చితే సచ్చిపోతది గద సార్!”

ఆయన నవ్వలేదు. “సావదు బిడ్డా. గాడ గుచ్చితేనే తిరుగుతది.”

నాలుగోదాన్ని పళ్లు బిగించి నడిమికే గుచ్చాను. వణక్కుండా తిరిగింది.

ఇవాళ ఒక పిల్ల మొన పక్కకు పెట్టింది. తిట్టబోయి ఆగాను. “ఎందుకు బిడ్డా?” అని అడిగాను.