పాటపిట్టకు లేని చూపు

నా చిన్నప్పుడు, అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉన్న రోజుల్లో, మా అమ్మ కుదురుగా కూర్చోవడం నేనెరుగను. హాస్పిటల్‌లో రెసిడెన్సీ, అంటే డాక్టరు శిక్షణ, చేస్తుండేది. వస్తూనే కోటు విప్పకుండా కుక్కర్ పెట్టేది, పప్పు ఉడికేలోగా బట్టలు మెషీన్‌లో వేసేది, సోఫాలో నడుం వాల్చిందంటే నిద్రే. అమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు కళ్ళు మూసుకుంటే తన ముఖం నాకు సరిగ్గా గుర్తొచ్చేది కాదు. అదే నా బెంగ. బొమ్మ గీసి దాచుకుందామని "కదలకమ్మా" అని బతిమాలేదాన్ని. "ఈ గిన్నెలు తోమేసి వస్తానే, నా తల్లివి కదూ" అనేది. ఆ గిన్నెలు ఎప్పటికీ అయ్యేవి కావు.

చివరికి నిద్రపోతుండగా చూసి గీసి, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నట్టు పెట్టాను. ముక్కూ నోరూ అన్నీ కుదిరాయి. కానీ అది మా అమ్మ కాదు.

స్కూల్ అయ్యాక నేను పక్కింటి అంకుల్ వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆయన కాలేజీలో జువాలజీ చెప్పేవారు. నా ఏడుపు ముఖం, చేతిలో అమ్మ బొమ్మ చూసి, గోడ మీది పటం ఒకటి దించి నా ముందు పెట్టారు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో అచ్చువేసి, చేత్తో రంగులద్దిన పాటపిట్ట బొమ్మ. ఈకకు ఈక విడివిడిగా కనిపిస్తోంది, నోరు తెరిచి పాడుతోంది. ఎందుకో అదీ బాగాలేదు.

"అంకుల్, దీని కళ్ళు ఏమీ చూడట్లేదు" అన్నాను.

"భేష్! చూస్తాయిటే పాపం? చచ్చిన పిట్టలో దూది కూరి, పుల్ల మీద నిలబెట్టి గీశారు. బతికున్నది కుదురుగా ఎక్కడుంటుంది? మన వైపు బొమ్మలు చేసేవాళ్ళు కన్ను ఆఖర్న పెడతారు. నువ్వూ కళ్ళు చెరిపేసెయ్. సాయంత్రం అమ్మ లోపలికి రాగానే చూసి పెట్టు."

సాయంత్రం తలుపు తెరుచుకుంది. బూట్ల నిండా మంచు, కళ్ళ కింద నలుపు, రెప్పలు వాలిపోతున్నాయి. అంత అలసటలోనూ ఆ కళ్ళు గదంతా నన్ను వెతికాయి. దొరకగానే ఆగాయి. ఆ చూపునే కాగితం మీద పెట్టాను. ఒక కన్ను పెద్దదైంది, అయినా అమ్మే.

"అమ్మో, ఇంత అలిసిపోయానా నేను?" అంటూ అమ్మ బూట్లతోనే కింద చతికిలబడి, ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

ఇప్పుడు నా తలా నెరిసింది. అమ్మ నా దగ్గరే, కిటికీ పక్క కుర్చీలో రోజంతా కదలకుండా కూర్చుంటుంది. లేపి నడిపించే ఓపిక నాకూ తగ్గిపోయింది. బజారు నుంచి వచ్చి తలుపు తీస్తే మాత్రం ఆ కళ్ళు ఇంకా నన్ను వెతుకుతాయి. ఒక్కోరోజు నన్ను చూస్తూ కూడా వెతుకుతూనే ఉంటాయి. చేతులు లాగేస్తున్నా సంచులు దించను. అమ్మ నన్ను పోల్చుకునేదాకా గుమ్మంలో కదలకుండా నిలబడతాను.