అమ్మ పక్కన కూర్చుని చూసిన సినిమాలు

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆ మనిషి, సెలవురోజు మధ్యాహ్నాలు వాళ్ళమ్మ పక్కన కూర్చుని పరాయి భాషల సినిమాలు చూస్తాడు. ఆవిడకు చదువు రాదు కాబట్టి తెర కింద తెలుగులో పడే మాటలన్నీ గొంతు మార్చి మార్చి చదివి వినిపిస్తాడు. తర్వాత మెడ గోక్కుంటూ ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి అందరికీ పెడతాడు: ‘హంతకుడెవరో అరగంటకే తెలిసిపోయింది. అయినా లేవబుద్ధి కాలేదు.’ క్రైమ్ సినిమాలంటే తల్లీకొడుకులిద్దరూ చెవి కోసుకుంటారు. ఆవిడ పెద్దకొడుకు సైన్యంలో చనిపోయాక యుద్ధం సినిమా మాత్రం ఆ ఇంట్లో ఎవరూ పెట్టలేదు.

మొన్న ఆవిడే అడిగి పెట్టించుకుంది. కథలో ఒక అధికారి ఓ ఇంటి తలుపు తట్టి, గడపలో నిలబడిన తల్లితో ఏదో చెప్పాడు. ఇతడు కాస్త తడబడి, “మీవాడికి దెబ్బ తగిలింది, కోలుకుంటున్నాడు” అని చదివాడు.

“నాకు చదువు రాకపోతే కళ్ళు కూడా లేవనుకున్నావా ఏంట్రా? ఆవిడ మొహం చూడు. ఉన్నది ఉన్నట్టు చదువు,” అంది తల్లి.

అతడు గొంతు సవరించుకుని చదివాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని వింది. సినిమా బాగుందో లేదో ఆ సాయంత్రం అతడు రాయలేదు. ‘మా అమ్మతో కలిసి చూశాను. ఇద్దరం చివరిదాకా కూర్చున్నాం’ అని మాత్రం పెట్టాడు.