ఫ్యూజు ఎవరి దగ్గరుంది?

ఏలూరులో మా వీధి చివర ఈ మధ్య మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఒకటి పెట్టారు. వార్నిష్ పోసిన కాయిల్స్ ఆరబెట్టినప్పుడు ఆ ఘాటు మా వరండా దాకా వస్తుంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటూ తలుపులు వేస్తారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి అలాగే కూర్చుండిపోతాను. ఆ వాసన తగిలితే నూకరత్నం గారి గొంతు వినిపిస్తుంది. 

ఆవిడది ఆకివీడులో చిన్న రివైండింగ్ షాపు. తాడేపల్లిగూడెంలో ఐటీఐ చదివి వచ్చి, ఆవిడ దగ్గర పనికి చేరాను. ఆ పని ఆవిడకు భర్త నేర్పినది. ఒకనాడు ఆయన కొల్లేటి వైపు చేపల చెరువులో మోటారు బాగుచేయడానికి ఫ్యూజు తీసి, గట్టు మీద పెట్టి నీళ్లలోకి దిగారు. సంగతి తెలియని వారెవరో దాన్ని తెచ్చి బిగించారు. ఆయన మళ్లీ పైకి రాలేదు. అప్పటి నుంచి రత్నం గారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. చెరువు పనికి ఇద్దరు వెళ్లాలి. ఒకరు ఫ్యూజు పీకి దగ్గర పెట్టుకుని, బోర్డు వదలకుండా నిలబడాలి. దిగేవారు నీటిని తాకే ముందు "ఫ్యూజు ఎవరి దగ్గరుంది?" అని కేకేయాలి. గట్టు మీది మనిషి దాన్ని పైకెత్తి చూపించి "నా దగ్గరుంది" అనాలి. మోటారు మీద చెయ్యి వేసే ప్రతిసారీ మళ్లీ అడగాలి.

"రైతులు నవ్వుతున్నారండి, చిన్నపిల్లల ఆటలా ఉందని," అన్నానొకసారి.

"నవ్వనీవయ్యా. నవ్వులకి షాకు కొట్టదు. భయం లేదనేవాడు నా షాపు గడప తొక్కక్కర్లేదు. నీకుందా?"

"ఉందండి."

"ఇంకేం, అదీ రాసుకో నీ డైరీలో. రోజూ నా తిట్లేగా రాసేది!"

ఒకరోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టి గాలి ఆడలేదు. చెరువులో చేపలు ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మోటారు తిరిగి నీళ్లు చిమ్మకపోతే చచ్చిన చేపలతో చెరువంతా తెల్లబడిపోయేలా ఉంది. నేను నడుము లోతున నిలబడి, పంపుకు చుట్టుకున్న గుర్రపుడెక్క లాగుతున్నాను. కేబులు నా చేతిలోనే ఉంది. రత్నం గారు నాకు జవాబు చెప్పడానికి ఇటు తిరిగిన ఆ కాస్తలో, రైతు వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఫ్యూజు కాలిపోయిందనుకుని, ఖాళీగా ఉన్న చోట రాగితీగ ముక్క పెట్టబోయాడు. మా వైపు ఊళ్లలో అందరూ చేసే పనే అది. రత్నం గారు అతని మణికట్టు దొరకబుచ్చుకున్నారు.

"నీళ్లలో మనిషున్నాడయ్యా!"

"చేపలు చచ్చిపోతున్నాయమ్మా!" అని అతను ఏడ్చాడు.

నేను కేబులు వదిలేశాను.

ఆ నెలలోనే ఏలూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. ఏసీ గది, ఉతికిన చొక్కా, తడవని కాళ్లు. అక్కడ తప్పు మీట నొక్కితే ప్రాణం పోదు. ఇకముందు రోజులన్నీ కంప్యూటర్లవేనని, మోటార్లు విప్పేవాడికి పిల్లనెవరూ ఇవ్వరని తెలిసినవాళ్లందరూ అన్నారు. నాకు కరెంటు భయం ఒక పక్క, ఈ అవకాశం పోతే మళ్లీ రాదన్న భయం ఇంకో పక్క. కానీ నిద్ర పట్టనివ్వనిది మూడోది. నేను వెళ్లిపోతే, ఆవిడ నీళ్లలోకి దిగినప్పుడు గట్టు మీద ఎవరుంటారు?

అదే అడిగాను.

"మా అక్క కొడుకొస్తున్నాడు. నీకంటే గట్టిగా అరుస్తాడు. నువ్వు వెళ్లయ్యా బాబూ," అన్నారు, కాయిల్ మీంచి తల ఎత్తకుండా.

నమ్మి ఉద్యోగంలో చేరాను. మొదటి ఆదివారం చూసిపోదామని ఆకివీడు వెళితే షాపు మూసి ఉంది. పక్కన టీ కొట్టతను చెరువు మీదికి వెళ్లారని చెప్పాడు.

"అక్క కొడుకుతోనా?"

"ఆవిడకి అక్కెక్కడుందండీ బాబూ!"

అతని సైకిలు అడిగి తీసుకున్నాను. ఆ దారంతా ఎలా తొక్కానో తెలియదు. చెరువు కనబడేసరికి ఆవిడ చీర దోపుకుని నీళ్లలో ఉన్నారు. గట్టు మీద మనిషి లేడు. "ఫ్యూజు ఎవరి దగ్గరుంది?" అని కేకేశారు. బొడ్డున దోపుకున్న ఫ్యూజు తడుముకుని, తగ్గిన గొంతుతో, "నా దగ్గరుంది," అని తనే చెప్పుకుని మోటారు మీద చెయ్యి వేశారు. బోర్డు దిక్కులేకుండా తెరిచి ఉంది. రాగితీగ ముక్కతో ఎవరైనా రావచ్చు. అరిస్తే ఉలిక్కిపడతారేమోనని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ మళ్లీ అడిగారు.

"బోర్డు దగ్గర నేనున్నానండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ తల తిప్పి చూశారు. "ఆఫీసు లేదా?" అన్నారు.

"ఆదివారమండి."

"రేపో?"

"రేపూ లేదండి."

"బుద్ధుందా నీకు? నా మీద జాలా?"

"జాలి కాదండి. భయం."

ఆవిడ మళ్లీ మోటారు వైపు తిరిగారు. "ఆ కటింగ్ ప్లేయర్ అందుకో," అన్నారు.

వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యేదాకా ఆ పనిలోనే ఉన్నాను, ఆ తరువాతే ఏలూరు వచ్చాను. ఆ ఉద్యోగం వదులుకుని తూకం తప్పానా అని చాలాసార్లు భయపడ్డాను. పిల్లల ఫీజులు కట్టే రోజుల్లో మరీనూ. ఆ భయాలన్నీ వచ్చి పోయాయి. ఆవిడ గురించిన భయం మాత్రం పోలేదు. ముసలితనంలో పెదవేగిలో కూతురి దగ్గరికి చేరినా, ఎవరికీ చెప్పకుండా పామాయిల్ తోటల్లో బోరు మోటార్లు విప్పుతూనే ఉన్నారు. ఫోను మోగితే ముందు ఆవిడే గుర్తొచ్చేవారు.

పోయిన వేసవిలో ఆ ఫోను రానే వచ్చింది. "అమ్మ పోయిందండి," అంది కూతురు.

"ఎక్కడ?" అన్నాను. ఎలా అని అడగలేకపోయాను.

"ఇంట్లోనేనండి. మంచం మీద, నిద్రలో."

శుభవార్త విన్నవాడిలా గట్టిగా ఊపిరి వదిలాను. ఆ అమ్మాయి ఏమనుకుందో తెలియదు. ఇన్నేళ్లు మోసిన బరువు ఆ రోజుతో దిగింది. భుజం మాత్రం ఇంకా వంగే ఉంది.