గంజిపెట్టిన బాలి బొమ్మ

2022 ఆగస్టు. అబుదాబిలో బాలి ద్వీపపు చిత్రాలకూ, అక్కడి సంస్కృతికీ ప్రత్యేకించిన ఒక ప్రైవేటు మ్యూజియంలో నేను రిజిస్ట్రార్‌ని. వచ్చిన ప్రతి బొమ్మకూ కండిషన్ రిపోర్టు రాయడం నా పని. మరక ఎక్కడుంది, చిరుగు ఎక్కడుంది అని నమోదు చేసే పత్రమది.

ఆ నెలలో బట్టమీద వేసిన పాత చిత్రం ఒకటి వచ్చింది. అర్జునుడి తపస్సు. బాలిలో నూలుబట్టకు బియ్యప్పిండి జావ పట్టించి, ఆరాక గవ్వతో నున్నగా రుద్ది, అప్పుడు బొమ్మ వేస్తారు. పెట్టె విమానాశ్రయంలోని శీతల గిడ్డంగి నుంచి వచ్చింది. అలాంటి పెట్టెను ఒక రోజంతా హాల్లో ఉంచి, చల్లదనం పోయాకే తెరవాలి.

"యల్లా, రేపు అతిథులొస్తున్నరు" అని మా ముదీర్, అంటే మేనేజర్, తొందరపెట్టాడు. ఆయన హైదరాబాదువాడు. సరుకు దించే షెడ్డులోనే, షట్టర్ ఎత్తి ఉండగానే, మూత తీశాను. బయట ఊపిరాడని ఉక్క.

గోడకు తగిలించిన గంటకల్లా బట్ట అలలు తేలి వదులైంది. ఆ గోడ కింద నేల తుడిచింది సత్యవతి, రాజోలు నుంచి వచ్చిన క్లీనర్.

"ఈమె తడిగుడ్డ తగిలింది. రిపోర్టుల గదే రాయ్, ఖలాస్" అన్నాడు ముదీర్. అలా రాస్తే ఆమె ఉద్యోగం, దాంతోపాటు వీసా పోతాయి.

"నేను ముట్టుకోలేదండి" అంది సత్యవతి. "ఇది గంజిపెట్టిన బట్ట కదండీ, చెమ్మ పట్టింది. గుడ్డ తగిలితే ఒక్క చోటే మెత్తబడుద్ది. ఇది పైన బొమ్మ కిరీటం దాకా మెత్తబడింది. నా చెయ్యి అంతెత్తు అందుద్దాండీ?"

"చీరలుతికి సైంటిస్టయినవా?"

"పన్నెండేళ్ళు ఇక్కడోళ్ళ ఇళ్ళల్లో బట్టలకి గంజి పెట్టానండి. ఆ మాత్రం తెలవదా?"

ముదీర్ నా వైపు చూశాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చెమర్చినట్టు ఆ చల్లటి బట్ట షెడ్డులో చెమ్మ పీల్చిందని నాకప్పటికే అర్థమైంది. గడువు తీరకముందే, ఉక్కలో, నేనే తెరిచానని రాసి సంతకం పెట్టాను.

నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. బొమ్మను సాపు చేయడానికి నిపుణురాలికి మూడు వారాలు పట్టింది. సత్యవతి ఉద్యోగం నిలిచింది.

ఆ రిపోర్టు అచ్చు కాగితంలో నష్టం రాయడానికి చాలా గడులున్నాయి. పెట్టె ఎవరు తెరిచారు, ఎప్పుడు, ఎక్కడ అన్నదానికి ఒక్కటీ లేదు. ఇప్పుడు ప్రతి రిపోర్టులో అన్నిటికన్నా పైన ఆ గడి చేత్తో గీసుకుని, ముందు నా పేరు రాస్తాను.