గాలానికి గద్వాల అతుకు

ఆ రోజుల్లో మా పాలమూరు వైపు కొత్త కోడలి సంగతి తేల్చడానికి పెద్ద విచారణలేమీ అక్కర్లేదు, ఒక్క జొన్న రొట్టె చాలు. (ఆ రోజుల్లో అంటే ఏదో పాతకాలం అనుకునేరు, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్న కాలమే. రొట్టె దగ్గరికొచ్చేసరికి మాత్రం మా అత్తమ్మది వేరే కాలం.) గద్వాలలో మగ్గాలాడే ఇంటి నుంచి వనపర్తికి కోడలిగా వచ్చిన మొదటి వారమే నా రొట్టె పీట మీద ఒకటిగా మొదలై పెనం మీదికి మూడుగా చేరింది. అత్తమ్మ కోపిష్టి మనిషి కాదు. ఆ ముక్కల్ని అట్లకాడతో దగ్గరికి జరిపి, "మీ అమ్మ నీకేం నేర్పిందే పిల్లా?" అని మాత్రం అడిగింది. నన్నంటే నవ్వి ఊరుకునేదాన్ని. అమ్మనంటే ఎట్లా ఊరుకుంటాను? ఆ ప్రశ్నకు ఎప్పటికైనా జవాబు చెప్పాలని అప్పుడే అనుకున్నాను. ఆ జవాబు రొట్టెతో చెప్పలేనని కూడా అప్పుడే తెలిసిపోయింది.

అమ్మ నాకు నేర్పింది అతకడం. మా గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, కొంగు పట్టు. ఆ రెండు రకాల పోగులనూ ఒక్కొక్కటే వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. అతికిన చోటు కంటికి కనపడకూడదు, మగ్గం పళ్ళ సందుల్లోంచి పోయేటప్పుడు ఎక్కడా తట్టుకోకూడదు. అమ్మ వేళ్ళకు చిటికెడు బూడిద రాసుకుని మెలిపెడుతుంటే పక్కన కూర్చుని నేనూ మెలిపెట్టేదాన్ని. బడి చదువు అయిపోయేనాటికి అమ్మ అతుకేదో నా అతుకేదో మా నాయన కూడా చెప్పలేకపోయేవాడు. (ఈ మాట నేను చెప్పుకోకూడదు. కానీ నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?)

ఇక మా మామ. బస్సు డ్రైవరుగా రిటైరై, స్టీరింగు వదిలిన చేతులతో గాలం పట్టుకున్న మనిషి. మా ఆయన మామకు రీలున్న గాలపు కర్ర, జడలాగా సన్నగా అల్లిన దారం తెప్పించి ఇచ్చాడు. అల్లిన దారానికి బలమెక్కువ, విసిరితే దూరం పోతుంది. కానీ నీళ్ళలో చేపకు కనపడుతుంది, రాయి గీరుకుంటే తెగుతుంది. అందుకని దాని కొసకు రెండు మూరల నైలాన్ తీగ కలుపుతారు, దాన్ని లీడర్ అంటారు. తంటా అంతా ఆ కలపడంలోనే ఉంది. ఒకటేమో మెత్తగా జారిపోయేది, ఇంకొకటి బిరుసుగా మొండికేసేది. మామ వేసిన ముడి జారిపోయేది, జారకపోతే లావుగా ఉండి దారం దూరిపోయే కర్ర రింగుల్లో టకటకా తగిలి, ఎరగా కట్టిన ప్లాస్టిక్ చేపను ఒడ్డు పక్కనే పడేసేది. మామకు ఒక దోస్తు ఉన్నాడు. ఆయన మొదటి నుంచీ ఒకటే మోటు నైలాన్ దారం వాడతాడు కాబట్టి మేం ఆయనను నైలాన్ మామ అనేవాళ్ళం. "రెండు దారాలెందుకుర డ్రైవర్? ఒక్క బస్సుకు రెండు ఇంజన్లు పెడ్తవా?" అని ఆయన గేలి చేసేవాడు.

ఒక సాయంత్రం మామ వరండాలో పరేషాన్ అవుతుంటే నాకు చేతులు దురద పెట్టాయి. "జర ఇటియ్యుండ్రి మామా. పట్టుకు నూలు అతికినోళ్ళం, మాకు గిదెంత?" అన్నాను. అత్తమ్మ కూడా వంటింట్లోంచి తల బయటపెట్టి చూసింది. గ్యాసు పొయ్యి ఇంట్లో బూడిదెక్కడిది? దేవుడి గూట్లోంచి అగరుబత్తుల బూడిద తెచ్చి వేళ్ళకు రాసుకుని, రెండు దారాలనూ అచ్చం అమ్మలాగే మెలిపెట్టి ఇచ్చాను. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సినంత సన్నం.

తెల్లారి జూరాల డ్యాం వెనక నీళ్ళ దగ్గరికి వెళ్ళాం. (అది నా పుట్టింటి దారి కాబట్టి నేనూ బండెక్కాను.) మామ విసిరాడు. ప్లాస్టిక్ చేప ఎన్నడూ లేనంత దూరం పోయింది. ఆయన శభాష్ అనబోతూ కిందికి చూస్తే దారం మా ముందే నీళ్ళ మీద తేలుతోంది. చేపా లీడరూ కృష్ణ పాలయ్యాయి. నైలాన్ మామ కడుపు పట్టుకుని నవ్వి, "బిడ్డా, మీ గద్వాల చీరల కొంగులు గూడ గిట్లనే ఊడొస్తయా?" అన్నాడు. ఆ రోజు పుట్టింటి గడప తొక్కకుండానే వనపర్తికి తిరిగొచ్చాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

తర్వాత కూర్చుని ఆలోచిస్తే తప్పెక్కడో తెలిసింది. నూలుకు నూగుంటుంది, మెలిపెడితే పట్టుకుంటుంది. నున్నటి నైలాన్‌కు పట్టుకోవడానికేముంది? ఒకదాని చుట్టూ ఇంకొకటి చుట్టి రెండు ముళ్ళు వేసి చూశాను. గట్టిగానే ఉంది గానీ రింగుల్లో మళ్ళీ అదే టకటక. అప్పుడు మా ఆయన ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. అందులో ఎవరో లీడర్‌ను నిటారుగా పట్టుకుని, అల్లిన దారాన్ని దాని మీద ఓసారి ఇటు నుంచీ ఓసారి అటు నుంచీ అడ్డంగా వేసుకుంటూ పోతున్నాడు. లీడర్‌కు ముడే పడదు, లాగేకొద్దీ దారమే దాన్ని కరుచుకుంటుంది. "ఓయమ్మ, ఇది నేత కదా!" అని అరిచాను. దారాన్ని పళ్ళతో బిగబట్టి నేశాను, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాను, చివర చిన్న చిన్న ముళ్ళతో కట్టేశాను. పరీక్షకని నిండు బకెట్ మేడ మీది నుంచి వేలాడదీశాం. నిలిచే అతుకు కుదిరేలోపు అత్తమ్మ బకెట్ ఒకటి పగిలింది.

మళ్ళీ జూరాలకు బయలుదేరితే అత్తమ్మ కూడా వచ్చింది, రొట్టెల మూట పట్టుకుని. (బకెట్ పగలగొట్టినందుకు ఏం పడుతుందో చూద్దామని అనుకుంటా.) పొద్దెక్కాక కర్ర విల్లులా వంగింది. రీలు కూత పెడుతూ దారం పోతూనే ఉంది. మామ బస్సును మలుపు తిప్పినట్టు ఒళ్ళంతా వాల్చి లాగుతున్నాడు. అందరూ నీళ్ళను చూస్తున్నారు, నేను మాత్రం నా అతుకునే చూస్తున్నాను. అది నీళ్ళలోంచి లేచింది, కర్ర కొస దాకా వచ్చింది, చప్పుడు లేకుండా రింగు దాటింది. మగ్గం పళ్ళలోంచి పట్టు దాటినట్టే దాటింది. నైలాన్ మామ లుంగీ ఎగ్గట్టి నీళ్ళలో దిగి, నా చెయ్యంత పొడుగు వాలుగను టువ్వాలలో చుట్టి తెచ్చాడు.

"గీ ముడి ఎవలు నేర్పిన్రు బిడ్డా?" అని ఆయన అతుకును వేలితో తడుముతూ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "ఎవలేంది? వాళ్ళమ్మ నేర్పింది."

(వీడియో సంగతి నేనెత్తలేదు.)

ఆ సాయంత్రం సగం వాలుగతో పుట్టింటికి వెళ్ళాను. అంతా విని అమ్మ అడిగింది ఒక్కటే: "బూడిద రాసుకున్నవా?" రాసుకున్నానని చెప్పాను. మొదటిసారి రాసుకున్నాను కదా. ఇప్పుడు నైలాన్ మామ కూడా అల్లిన దారమే వాడుతున్నాడు, అతుకు కోసం మా ఇంటికే వస్తాడు. నా రొట్టె ఈ మధ్య పెనం మీదికి రెండు ముక్కలుగానే చేరుతోంది. ఇవాళ ఎవరైనా కొత్త పని చెబితే సవాలక్ష సందేహాలు అడుగుతాను. దేవుడి గూట్లో బూడిద చేతికి పూసుకుని "గిదెంత" అన్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది.