లేడీ అల్మాలో పెళ్ళి ఫొటోలు

జయంతి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉంటుంది. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. శనివారాలు మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో మ్యూజియంగా కట్టేసి ఉంచిన ‘లేడీ అల్మా’ అనే ఆవిరి ఓడలో గైడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఓడ అక్కణ్ణుంచి ఒరెగాన్‌కి జనాన్ని చేరవేసేది. పైన పియానో, వెండి చెంచాలు. కింద చొక్కాలు విప్పేసి బాయిలర్లలోకి బొగ్గు ఎత్తిపోసే మనుషులు. ఆ కిందివాళ్ళ గురించి చెప్పాలని జయంతి తపన. వినే ఓపిక ఎవరికీ లేదు. సెల్ఫీలు దిగి బాత్రూం ఎక్కడని అడుగుతారు.

అది చాలదన్నట్టు మ్యూజియంవాళ్ళు ఓడను పెళ్ళి ఫొటోలకి అద్దెకివ్వడం మొదలుపెట్టారు. మొదట వచ్చింది జయంతి వీధిలోనే ఉండే చక్రపాణి. కూతురు దేదీప్య పెళ్ళి.

“జయంతి గారూ, ఈ స్తంభానికి చిన్న హుక్ డ్రిల్ చేసుకుంటామండీ.”

“కుదరదండీ. పాతకాలం టేకు ఇది.”

“పోనీ, పొగగొట్టానికి బంతిపూల దండ?”

“ముట్టుకుంటే పెయింట్ ఊడొస్తుంది.”

“అయితే కింద బాయిలర్ గది డోరైనా క్లోజ్ చేయించండి. బొగ్గు కంపు.”

పళ్ళు బిగబట్టి ఆ తలుపు వేయడానికి వెళ్ళింది జయంతి. లోపల ఇనప మెట్టు మీద పెళ్ళికూతురు కూర్చుని ఉంది.

“నువ్విక్కడున్నావా? పైన మీ నాన్నగారు నా ప్రాణం తోడేస్తున్నారు.”

“నాది కూడా, ఆంటీ,” అంది దేదీప్య. “ఇక్కడ వర్క్ చేసేవాళ్ళకి పైన పియానో వినిపించేదా?”

ఇన్నేళ్ళలో అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. జయంతి పక్కనే కూలబడింది. “ఇంజన్ మోతలో ఏం వినిపిస్తుందమ్మా,” అని మొదలుపెట్టి, వేడికి సొమ్మసిల్లినవాళ్ళని పైకి మోసుకెళ్ళడం దాకా చెప్పింది. వెతుక్కుంటూ వచ్చిన ఫొటోగ్రాఫర్ వాళ్ళిద్దర్నీ అలాగే ఫొటో తీశాడు. లెహంగా అంచంతా మసి. చక్రపాణి జయంతితో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ ఫొటో అందరి ఫోన్లకీ పాకింది. ఇక వచ్చిన ప్రతి జంటకీ బాయిలర్ గదే కావాలి. ఒకరు పొగ మెషిన్ తెచ్చారు. వద్దన్నా వినలేదు. అలారం మోగి ఫైరింజన్ వచ్చింది. మర్నాడు మ్యూజియం మేనేజర్ పెళ్ళి ఫొటోలు ఆపేసి, బాయిలర్ గదికీ తాళం వేశాడు.

“తప్పు చేసింది వాళ్ళు, శిక్ష ఆ గదికా?” అని జయంతి నెలపాటు అతని వెంటపడింది. చివరికి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు, శనివారాలకి మాత్రం.

మొన్న శనివారం ఆ గదిలోకి ఇద్దరే దిగారు. దేదీప్య, ఆమె భర్త. ఇద్దరూ పాత జీన్స్‌లో, ఆ కిందివాళ్ళ కథ వినడానికి.