మైకులో చదివిన నాయన పేరు

మా చిన్నప్పుడు... చిత్తూరులో మా స్కూలు పక్క కల్యాణ మండపంలో పాటకచ్చేరి పెట్టారు. సముద్రం అవతల ఏదో దేశంలో, యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం చందాలు పోగుచేయడానికి. నాకప్పుడు పదేళ్ళు. చివరి పాట నేనొక్కదాన్నే పాడాలి.

నాయన బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సీజన్లో సెలవు దొరకదు. అయినా వదల్లేదు నేను.

"ముందర వరుసలో కూసోవల్ల నాయనా. నువ్వు కనపడకుంటే నేను పాడను."

"అట్లే కానీలే" అన్నాడు నవ్వుతూ.

పాటలు నేర్పిన సారు మాత్రం కొత్త పావడా వద్దన్నాడు. వెలిసిపోయింది వేసుకు రమ్మన్నాడు. జడలో కనకాంబరాలు కూడా తీయించాడు. కచ్చేరికి ఇదేం ముచ్చటో నాకర్థం కాలేదు...

తమ్ముడికి జ్వరమని అమ్మ ఇంట్లో ఆగిపోయింది. నాయన వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతుల మీద మామిడి సొన మచ్చలు. కానీ ముందు వరుసలోకి రాలేదు. ఎక్కడో మధ్యలో, స్తంభం పక్కన కూర్చున్నాడు. చెయ్యి ఊపాను. తను ఊపలేదు.

సారు మైకు అందుకున్నాడు.

"ఈ పాపకు అమ్మ లేదు, నాన్న లేడు. అయినా తనలాంటి పిల్లల కోసం పాడుతోంది. దయగల తల్లులారా, తండ్రులారా..."

వెనక నిలబడ్డ గౌరి, మా వీధి పిల్లే, నా చెవిలో గొణిగింది. "మే, నిన్న మనకి ఉడకేసిన చెనక్కాయలు కొనిచ్చింది మీ నాయనే గదా? అంతలోకే యాడికి పోయినాడంట?"

నేను నాయన వైపే చూస్తున్నాను. ఇప్పుడు లేస్తాడు... "నేనుండాను గదా సారూ" అంటాడు...

తల దించుకున్నాడు.

హార్మోనియం మొదలైంది. పాడాను. ముందు వరుసలో ఒకామె పమిటతో కళ్ళు తుడుచుకుంటూ పక్కామెతో అంటోంది. "ఇంత గొంతు ఇచ్చి, ఎవరూ లేకుండా సేసినాడే దేవుడు. సూడక్కా, మొగం ఎట్లుండాదో."

మా వైపు నాటకమైనా, హరికథైనా చదివింపులుంటాయి. కానుక ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఎవరికిచ్చారో మైకులో చదువుతారు. ఆ రోజూ చదివారు. ఒకటి, ఇంకొకటి... ఆ తర్వాత,

"బంగారుపాళ్యం మునిరత్నం గారు, తల్లీతండ్రీ లేని పాపకు, ఆశీస్సులతో..."

మునిరత్నం మా నాయన.

జనం చప్పట్లు కొట్టారు. నాయన కూడా కొట్టాడు.

ఇంటికి పోయే బస్సులో అడిగాను. "నీకు ముందే తెలుసా?"

"వస్తానే సారు పక్కకి పిలిచి సెప్పినాడు పాపా. ఆ దేశం బిడ్డల ఫొటోలు సూపించినాడు. ఎముకలే ఉండాయి. మనం ఒక్క అబద్ధం ఆడితే వాళ్ళకి కూడు దొరుకుతాదన్నాడు. ఎట్లా కాదనేది?"

"మరి చదివింపు?"

"అందరూ ఇస్తా ఉండారు గదా, నా బిడ్డకి నేనియ్యకుంటే ఎట్లా అని పోయినా. ఎవరికని రాసుకోవల్ల అని అడిగినారు... సారు సెప్పినట్లే సెప్పినా."

సారు మీద కోపం ఎప్పుడో పోయింది. నాయన మీదిది పోలేదు. ఎవరో పిల్లల ఆకలి చూడలేక ఒప్పుకున్న మనిషిని ఏమని తిట్టను? తిట్టలేని కోపం అట్లాగే ఉండిపోతుంది...

అప్పుడు మండపం దాకా వెళ్తే గానీ ఇలాంటివి కనపడేవి కావు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు... ఏడుపు సంగీతం, చిరిగిన గౌను, ఎవరూ లేని పాప. ఆకలి అబద్ధం కాదు, అందుకే నాకు తోచింది పంపుతాను. కానీ ఆ పాప కళ్ళు కెమెరాను వదిలి పక్కకు వెళ్ళాయంటే... అక్కడ వాళ్ళ నాయన నిలబడి ఉన్నాడేమో అనిపిస్తుంది.

మీరు స్టేజీ ఎక్కిన రోజు జనంలోంచి ఎవరైనా "అది మా బిడ్డే" అన్నారా? అనుంటే కింద రాయండి... ఎట్లా ఉంటుందో చదువుకుంటాను.